అక్క కాటుకతో నా మీసం

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో నవలలు అంగట్లో కొనేవి కావు, సూదీ దారంతో తయారయ్యేవి. వారపత్రిక ఒకటి ఇంటికి వచ్చేది. అది వీధిలో నలుగురి చేతులూ మారి నలిగి తిరిగొచ్చాక, మా అక్క అందులోని సీరియల్ కాగితాలను మాత్రం జాగ్రత్తగా విడదీసి దాచేది. పదమూడు వారాలవి పోగయ్యాక అంచులు సమంగా కత్తిరించి, గోనెలు కుట్టే దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, తెల్లదారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. అట్ట మీద వేంకటేశ్వరస్వామి, లోపల ప్రేమలూ హత్యలూ. (స్వామి బొమ్మ ఉంది గనుక కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. ఆ విధంగా మా ఇంట్లో డిటెక్టివు కథలకు కూడా పూజ జరిగింది.) చిత్తూరులో బెల్లం మండీ వాళ్ళం మేము. ఇంట్లో ఇంకేం లేకపోయినా గోనెలకూ దబ్బనాలకూ కరువు లేదు. సాహిత్యానికి ఇంతకంటే ఏం కావాలి అనేది మా అక్క.

అలా కుట్టిన రెండు సంపుటాల నవల ఒకటి, డెబ్భైల చివర్లో, నా పదిహేడో ఏట నా చేతికి చిక్కింది. అది ఒక పల్లెటూరి కుర్రాడు మగవాడయ్యే కథ. పన్నెండో ఏట తండ్రి కొడితే ఏడుస్తాడు. ఏడ్చినందుకు తండ్రి మళ్ళీ కొడతాడు. ఆ రోజు నుంచి వాడు ఏడవడు. నాలుగోవారంలో మీసం వస్తుంది. ఏడోవారం నుంచి మాటలు తగ్గిస్తాడు. పదకొండోవారంలో తండ్రి పోతే, చితి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు గానీ కన్ను తడవదు. పంతొమ్మిదోవారంలో చెల్లెలికి పంతులమ్మ ఉద్యోగం వస్తే, "మన ఇంటి ఆడవాళ్ళు గడప దాటరు" అని ఒకే ఒక్క మాట అని, ఆ మాట మీదే నిలబడతాడు. ఇరవై ఆరోవారంలో, అంటే రెండో సంపుటం ఆఖరి పేజీలో, తల్లీ చెల్లెలూ గుమ్మంలో నిలబడి ఏడుస్తుండగా, వెనక్కి తిరిగి చూడకుండా ఊరు దాటి వెళ్ళిపోతాడు. నేను పుస్తకం మూసి, కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. మగవాడంటే వీడూ, నవల అంటే ఇదీ అనుకున్నాను. ఇంటర్మీడియట్ ఫిజిక్సు కూడా నేను అంత శ్రద్ధగా చదవలేదు (మార్కుల కాగితం నా దగ్గర ఇంకా ఉంది, ఎవరికీ చూపించను). రెండోసారి చదివేటప్పుడు ముఖ్యమైన మాటల కింద పెన్సిలుతో గీతలు కూడా గీశాను.

వచ్చిన చిక్కల్లా మా నాయనతో. నవల్లో వాడిని కొట్టి మగవాణ్ణి చేసిన తండ్రి ఉన్నాడు. మా నాయనకు చెయ్యెత్తడం రాదు, మీసం లేదు, పైగా ఏడుపు వచ్చు. రేడియో నాటకం వింటూ భుజం మీది తుండుగుడ్డతో బాహాటంగా కళ్ళు తుడుచుకునేవాడు. అమ్మకు జ్వరమొస్తే అక్కకు జడలు వేసేవాడు, అదీ అమ్మ కంటే బిగుతుగా. ఒకసారి ఐరాల నుంచి బెల్లం తెచ్చే రైతు మండీలో కూర్చుని తన ఎద్దు చచ్చిపోయిందని చెబితే, ఆ రైతు కంటే ముందు మా నాయనే ఏడ్చాడు. చివరికి ఆ రైతే, "ఊరుకో అన్నా, పోయింది ఎద్దే గదా" అని ఓదార్చి వెళ్ళాడు. ఇలాంటి తండ్రి చేతిలో పడి నేను మగవాణ్ణి ఎలా అవుతానా అని నిజంగానే బాధపడ్డాను. దెబ్బలు తినడం కోసం ఒకరోజు కావాలనే పెద్ద బెల్లం దిమ్మె కింద పడేశాను. అది నాలుగు ముక్కలైంది. నాయన పరుగున వచ్చి, "కాలిమింద పడలేదు గదా అబ్బోడా?" అన్నాడు.

అందుకని నా చదువు నేనే చదువుకోవలసి వచ్చింది. మాటలు తగ్గించాను. ఎవరేమడిగినా "ఊ" అనో "ఊహూ" అనో అనేవాణ్ణి. రెండు రోజులు చూసి అమ్మ, "పన్నునొస్తా ఉండాదేమో, సెప్పుకోలేకుండాడు" అని బుగ్గలో లవంగం పెట్టింది. నవల్లో వాడు ఆకలి అని ఎప్పుడూ నోరు తెరిచి అడగడు. నేనూ మారు అన్నం అడగడం మానేశాను (మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు మురుకుల డబ్బా దగ్గర జరిగినది నవలకు సంబంధించని విషయం). వాడు సంగటి ముద్దలో పచ్చిమిరపకాయ కొరుక్కుని కన్నార్పకుండా తింటాడు. నేనూ కొరికాను. నాకు ఎక్కిళ్ళు పట్టుకుని సాయంకాలం దాకా పోలేదు. ఇక మీసం. పదిహేడేళ్ళకు నా పై పెదవి మీద వెంట్రుకలు పేరు పెట్టి పిలవగలిగినన్ని మాత్రమే ఉండేవి. ఆముదం రాశాను. పెరగలేదు. చివరికి అక్క కాటుక డబ్బీ తీసి, చిటికెనవేలితో ఆ ఉన్నవాటి మధ్య ఖాళీలు పూరించడం మొదలుపెట్టాను. చెమట పట్టనంతసేపు బాగానే ఉండేది. చిత్తూరు ఎండలో చెమట పట్టకుండా ఉండేది ఎంతసేపో మీరే ఊహించుకోండి.

ఇలా నా మగతనం నల్లగా కారిపోతూ ఉన్న రోజుల్లోనే అక్కకు ఆర్డరు వచ్చింది. అక్కకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. బి.ఏ. చదివి, టైపులో హయ్యరు పాసై, అమ్మకు తప్ప ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసి, శ్రీహరికోటలో టైపిస్టు ఉద్యోగం తెచ్చుకుంది. పదిహేను రోజుల్లోగా చేరాలి. సూళ్ళూరుపేటలో ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు నలుగురు కలిసి ఒక ఇల్లు తీసుకుని ఉన్నారనీ, అందులో తనకూ చోటుందనీ కూడా ఉత్తరం రాసి కనుక్కుని పెట్టుకుంది. అక్క ఆ కాగితాన్ని చదివిన తీరు నాకిప్పటికీ గుర్తే. ఒకసారి నిలబడి చదివింది, ఒకసారి కూర్చుని చదివింది, మూడోసారి వంటింట్లోకి పోయి అమ్మకు చదివి వినిపించింది.

నాయనకు సంతోషమూ భయమూ ఒకేసారి వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టాడు. "ఆడపిల్లను ఒంటిగా అంత దూరం పంపేదెట్లబ్బా?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "ఇంత సదివిన బిడ్డను ఇంట్లో కూసోబెట్టేదెట్లబ్బా?" అన్నాడు. అమ్మ, "నాకైతే పంపాలనే ఉండాది" అంది. నాయన నా వైపు తిరిగి, "నువ్వేమంటావురా? నువ్వుగూడా పెద్దోడివైతివి" అన్నాడు. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. నేను తన వైపే మాట్లాడతానని ఆమె ధైర్యం. చిన్నప్పటి నుంచీ నా తప్పులన్నీ తన మీద వేసుకున్న మనిషి, ఆ మాత్రం ఆశపడదా?

నేను లేచాను. తలుపు చట్రం మీద చెయ్యేశాను (నవల్లో వాడు అలాగే వేస్తాడు). గొంతు లావు చేసి, "మన ఇంటి ఆడవాళ్ళు గడప దాటరు" అన్నాను.

"ఏందిరా, రేడియోలో మాదిరి మాట్లాడతా ఉండావు?" అంది అమ్మ.

కానీ నాయన నవ్వలేదు. తుండుగుడ్డ తీసి ఆ భుజం మీది నుంచి ఈ భుజం మీద వేసుకున్నాడు. "మొగపిల్లోడు గూడా వొద్దంటా ఉండాడే. రేపు దానికి తోడు పొయ్యేవాడు, పోయి సూసొచ్చేవాడు వాడే గదా" అన్నాడు. నిర్ణయం చెప్పవలసిన బాధ తప్పినవాడిలా ఊపిరి వదిలి, ఆర్డరు కాగితాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టాడు.

అంతే. జరిగిందదే. ఇప్పుడు తలుచుకుంటే నాకు నా మీద ఎంత కోపమో, ఆ రోజు ఆ ఇంట్లో ఉన్న గాలి మీద కూడా అంత కోపం. ఫిజిక్సు గట్టెక్కనివాడు, కాటుక మీసం వాడు, మురుకుల దొంగ, లేచి అరువు మాట ఒకటి అంటే ఇరవై రెండేళ్ళ పిల్ల కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం పటం వెనక్కి పోయింది. నా మాటలో ఏం బరువుందని? నేను మగపిల్లవాణ్ణి అన్న ఒక్క బరువు తప్ప మరేం లేదు. ఇంతకూ మా గడపను అక్క అప్పటికే రోజుకు పదిసార్లు దాటేది. నీళ్ళకు, కూరగాయలకు, టైపుకు, చివరికి నేను మరిచిపోయిన హాల్‌టికెట్టు కాలేజీకి తెచ్చివ్వడానికి కూడా. అప్పుడు నాకు ఆ గడప గుర్తు రాలేదు.

అక్క అరవలేదు, ఏడవలేదు. మరునాడు పొద్దున నా దగ్గరికి వచ్చి కాటుక డబ్బీ నా చేతిలో పెట్టింది. "ఇందరా, నువ్వే పెట్టుకో. దొంగతనంగా తీసుకునే పనేముండాది? నాకింక యాడికీ పొయ్యేది లేదు గదా" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. సిగ్గు పడాల్సింది. నేను ఆ డబ్బీ తీసుకున్నాను. ఆ రోజు మీసం కాస్త దట్టంగానే పెట్టాను.

ఇంతలో అమ్మ బయటపెట్టింది ఒక మొక్కు సంగతి. అక్కకు ఆర్డరు వస్తే తిరుమలలో నా తలనీలాలు ఇస్తానని ఆమె ఎప్పుడో మొక్కుకుందట.

"ఉద్యోగం అక్కది. గుండు నాకెందుకు?" అన్నాను. (ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడి చాలా రోజులైంది.)

"అది పెండ్లి గావాల్సిన బిడ్డ, దానికి జడ గావల్ల. నీది మొలుస్తాది."

"ఎట్లాగూ అక్క పోవడం లేదు గదా."

"ఆర్డరు వస్తే అని మొక్కినా గానీ, చేరితే అని మొక్కలేదు. స్వామి ఆయన పని ఆయన సేసినాడు. పంపించకుండా సేసింది నువ్వు. దానికి ఆయనేం సేస్తాడు?" అంది అమ్మ.

మా అమ్మ వకీలు కావలసిన మనిషి. ఆర్డరు వచ్చిన పదో రోజున నలుగురం తిరుపతి బస్సెక్కాము, అక్కడి నుంచి కొండ బస్సు. నవల్లో వాడికి ఘాట్‌రోడ్డు లేదు. ఉండి ఉంటే వాడి మగతనం కూడా నాలుగో మలుపులో కిటికీలోంచి బయటికి వచ్చేది. నేను కిటికీలోంచి తల లోపలికి తీసుకున్నాక, పక్కన కూర్చున్న అక్క నా ముఖం వైపు చూడకుండా, మాట్లాడకుండా, ఒక నిమ్మకాయ నా చేతిలో పెట్టింది.

కల్యాణకట్టలో నా వంతు వచ్చింది. క్షురకుడు ముసలాయన. నీళ్ళు చల్లి, పది నిమిషాల్లో తల నున్నగా చేశాడు. కత్తి పెదవి మీదికి వస్తుంటే నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "తల ఒకటే మొక్కు. మీసం మొక్కులో లేదు" అన్నాను.

"మెడకాయ పైనుండేదంతా తలేరా" అంది వెనక నుంచి అమ్మ.

ముసలాయన నా ముఖం దగ్గరికి వంగి చూశాడు. బొటనవేలు తడిచేసి నా పై పెదవి మీద ఒక్క రుద్దు రుద్దాడు. వేలు నల్లబడింది. ఆ వేలు నాకూ చూపించాడు, వెనకున్న వాళ్ళకూ చూపించాడు. "ఇది కాటుక గదప్పా! ఎంటికలు ఏడో ఎనిమిదో ఉండాయి. సరేలే, ఇవి గూడా స్వామికే ఇచ్చేయి, పుణ్యమొస్తాది" అని ఒక్క గీతలో తీసేశాడు. ఆరు నెలల నా సాధన ఆయన కత్తి మీద కనిపించను కూడా లేదు.

పక్కనే నాయన కూడా గుండుతో లేచాడు. "వాడొకడే ఎందుకు, బిడ్డ కోసరం నేను గూడా ఇస్తా" అని ఎవరూ అడగకుండానే కూర్చున్నాడట. పుష్కరిణిలో మునిగి, గంధం పూసుకుని వస్తుంటే దారిలో అంగడి ముందు ఒక అద్దం వేలాడుతోంది. అందులో చూశాను. నాకు నేను కనిపించలేదు, అక్క కనిపించింది. మూడేళ్ళప్పుడు అక్కకు ఇక్కడే గుండు చేయించిన ఫొటో మా ఇంట్లో గోడకు ఉండేది. అదే గుండు, అవే చెవులు, అదే ఉబ్బిన పై పెదవి. నేను ఇన్నాళ్ళూ కాటుక పూసి దాచినది మా అక్క ముఖం.

వెనక నుంచి కిసుక్కుమని వినిపించింది. అక్క. నన్ను చూసి, నాయనను చూసి, మళ్ళీ నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆపుకోలేక నవ్వుతోంది. వారం రోజుల తర్వాత ఆ నవ్వు. నవ్వీ నవ్వీ దగ్గరికి వచ్చి, "సెవి ఎనక పూసుకోలేదు సూడు, ఎండకు మండుతాది" అని తన చేతిలోని గంధం నా చెవి వెనక రాసింది. ఆ చల్లదనం తగలగానే నా లోపల ఏదో తెగింది. నడివీధిలో, వేలమంది యాత్రికుల మధ్య, నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అటుగా పోతున్న ఒక అరవ ముసలమ్మ ఆగి, "ఎన్న భక్తి! ఎన్న భక్తి!" అని నాకే చేతులు జోడించింది.

"ఏందిరా అబ్బోడా?" అన్నాడు నాయన. అప్పటికే ఆయన కళ్ళు కూడా తడిసిపోయాయి, కారణం తెలియకుండానే.

"అక్కను పంపీ నాయనా."

"నువ్వే గదరా గడప దాటగూడదంటివి?"

"అది నేను గాదు. నవల్లో వాడు."

నాయన తుండుగుడ్డ దించి నన్ను పరీక్షగా చూశాడు. ఆయనకు కోపం రావడం నేను జన్మలో ఒక్కసారే చూశాను, అది అప్పుడే. "వాడెవుడురా మనింటి సంగతి సెప్పేకి? వాడికి మన బిడ్డ తెలుసునా? మనింట్లోకి వాడెట్ల వచ్చినాడు?" అన్నాడు.

వాణ్ణి తీసుకొచ్చింది నేనే. అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇంకా ఐదు దినాలుండాయి. ఇంటికి పోతానే ట్రంకుపెట్టె దించుదాము" అంది. అక్క నా వైపు చూసి, "తోడొస్తావా?" అని మాత్రం అడిగింది. వస్తానన్నాను.

ఆఖరి రోజుకు ముందు రోజు నేనూ అక్కా ట్రంకుపెట్టెతో బయల్దేరాము. తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, బస్సులు మారుతూ సూళ్ళూరుపేట చేరాము. బోడిగుండుతో పెట్టె నెత్తినెత్తుకుంటే ఎంత సుఖంగా కుదురుతుందో అప్పుడే తెలిసింది. ఆ ఆడపిల్లల ఇంట్లో పెట్టె దించాక అక్క దాని అడుగు నుంచి కొన్ని విడి కాగితాలు తీసింది. "ఆ నవలవే. ఇవి కుట్టేకి పొద్దు సాలలేదు, నాకు పరీక్షలు వచ్చె. ఆఖరు సదవనే లేదు గదా నువ్వు?"

"ఇంకా ఉండాదా?" అన్నాను.

"లేకుంటే? అట్ల మీసం తిప్పుకోని ఊరొదిలి పోతే కత అయిపోతాదా?" అంది అక్క.

ప్రతి వారం చివరా 'ఇంకా ఉంది' అని అచ్చేసే ఉంటారు. పుస్తకం అందంగా రావాలని అక్క అంచులు కత్తిరించినప్పుడు ఆ ముక్క కాస్తా చెత్తలోకి పోయింది. నేను మూడింట రెండు వంతుల నవల చదివి మగవాణ్ణి కాబోయాను.

మిగిలిన వారాలు తిరుగు బస్సులో చదివాను. నేను పెన్సిలుతో గీత గీసిన ప్రతి మాటా అందులో వాడికి ఎదురు తిరుగుతుంది. వాడు ఏడవడు గనుక ఎవరూ వాడి దగ్గర ఏడవరు. మాట్లాడడు గనుక పలకరించేవాళ్ళు లేరు. ఆఖరి వారంలో ముసలివాడై, సొంత ఊరు తిరిగొచ్చి, ఇంటి ముందు నిలబడతాడు. పెళ్ళీ ఉద్యోగమూ లేకుండా ఆ ఇంట్లోనే ముసలిదైపోయిన చెల్లెలు తలుపు తీసి, "ఎవరు కావాలి?" అని అడుగుతుంది. వాడికి పేరు చెప్పుకోవడానికి కూడా మాట రాదు. గడప ఇవతలే నిలబడిపోతాడు. నవల అయిపోతుంది. ఆ రచయిత మొదటి వారం నుంచీ వాణ్ణి చూసి జాలిపడుతూనే ఉన్నాడు, పక్కనుంచి నవ్వుతూనే ఉన్నాడు. అది తెలియని పాఠకుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. శ్రీకాళహస్తి వచ్చేదాకా తల ఎత్తలేదు. కొండ మీద నేను నోరు తెరవకుండా ఇంకొక ఐదు రోజులు గడిచి ఉంటే మా ఇంట్లో ఏం జరిగేదో ఆ కాగితాల్లో అచ్చులో ఉంది.

ఆ మూడో సంపుటం తర్వాత నేనే కుట్టాను. కుట్టు వంకర, కాగితాలు ఎగుడుదిగుడు. అంచులు మాత్రం కత్తిరించలేదు. అక్క ఆ ఉద్యోగంలోనే ఎదిగి, అక్కడే పెళ్ళి చేసుకుని, ఈ మధ్యే రిటైరైంది. సూళ్ళూరుపేటలో సొంత ఇల్లు. రాకెట్టు ఎగిరిన రోజున మిద్దె మీద నుంచి చూసి నాకు ఫోను చేసి, "సూస్తివా?" అంటుంది, నాకు చిత్తూరు నుంచి కనబడుతుందన్నట్టు. నాకిప్పుడు నిజమైన మీసం ఉంది. అది తెల్లబడింది, దానికి కాటుక కాదు గదా రంగు కూడా వేయను. నా ఇంట్లో నేనెప్పుడైనా గొంతు లావు చేస్తే, నా భార్య అక్కకు ఫోను కలిపి ఇస్తుంది.

ఏడాదికి రెండుసార్లు అక్క ఇంటికి వెళతాను. తలుపు తీసే ఉంటుంది. అయినా గడప ముందు చెప్పులు విప్పి, ఒక్క నిమిషం అలాగే నిలబడతాను. లోపల నుంచి అక్క, "ఆడ నిలబడుకోని ఏం సూస్తా ఉండావురా? రా లోపలికి" అంటుంది. అప్పుడు దాటుతాను. ఆ మాట వినడానికే ప్రతిసారీ అక్కడ ఆగుతానని ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఎంతైనా మగవాణ్ణి గదా.